బాలాపూర్ బస్తీకి సాయానికి వెళ్తున్నారా? ముందు కథ అడగడం మానండి

హైదరాబాద్ పాతబస్తీ దాటి బాలాపూర్, షాహీన్‌నగర్ వైపు వెళ్తే ఖాళీ ప్లాట్లలో వెదురు బొంగులు, టార్పాలిన్లు, పాత ఫ్లెక్సీలతో కట్టిన గుడిసెలు వరసగా కనిపిస్తాయి. మయన్మార్‌లోని రఖైన్ రాష్ట్రం నుంచి ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని వచ్చిన రోహింగ్యా ముస్లింలు ఇక్కడ కొన్ని వేల మంది ఉన్నారు. కొందరు 2012 అల్లర్ల తర్వాత వచ్చారు. 2017 ఆగస్టు 25న మొదలైన సైనిక దాడుల్లో ఊళ్లకు ఊళ్లే తగలబడ్డాయి. ఆ ఒక్క విడతలోనే 7 లక్షల మందికి పైగా బంగ్లాదేశ్‌కు పారిపోయారు. అంతకు చాలా ముందే, 1982 పౌరసత్వ చట్టంతో, సొంత దేశంలోనే వాళ్లు ఏ దేశానికీ చెందని వాళ్లయిపోయారు.

ఈ బస్తీలకు బియ్యం పంచడానికి, ట్యూషన్ చెప్పడానికి, మెడికల్ క్యాంపు పెట్టడానికి మనవాళ్లు చాలామందే వెళ్తుంటారు. సోషల్ వర్క్ విద్యార్థులు, టీచర్లు, నర్సులు, మసీదు కమిటీల వాళ్లు, శని ఆదివారాలు ఖాళీ ఉన్న సాఫ్ట్‌వేర్ ఉద్యోగులు. ఇది రాస్తున్నది మీ కోసమే. మీరు సైకాలజిస్టు కానక్కర్లేదు. మీ వల్ల అదనపు గాయం కాకుండా ఉంటే సగం పని అయినట్టే.

యుద్ధం, హింస చూసిన ప్రాంతాల్లో ప్రతి అయిదుగురిలో ఒకరికి డిప్రెషన్, యాంగ్జైటీ, పీటీఎస్‌డీ (ఘోరం చూశాక వదలకుండా వెంటాడే భయం) లాంటి ఏదో ఒక మానసిక సమస్య ఉంటుందని 2019లో ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా వేసింది. ఆ లెక్కను తిప్పి కూడా చదవండి. మిగతా నలుగురికి జబ్బు లేదు. దుఃఖం ఉంది, భయం ఉంది, అద్దె బాకీ ఉంది. అందరినీ రోగుల్లా చూడటం మొదలుపెడితే వాళ్లూ మీకు దూరం జరుగుతారు.

1. "మీకేం జరిగింది?" అని అడగకండి

కొత్తగా వెళ్లినవాళ్లు మొదటి అరగంటలోనే అడిగే ప్రశ్న ఇదే. మంచి మనసుతోనే అడుగుతారు. లోపల ఉన్నదంతా బయటికి చెప్పేస్తే గుండె బరువు దిగుతుందని మనకో నమ్మకం. దగ్గరివాళ్లతో, తనకు చెప్పాలనిపించినప్పుడు చెప్పుకుంటే దిగుతుంది కూడా. కానీ ముక్కూమొహం తెలియని మనిషి అడిగినందుకు ఊరు కాలిన రాత్రిని మొదటి నుంచి చెప్పుకొస్తే బరువు దిగదు. ఆ రాత్రి ఆ మనిషికి నిద్ర పట్టదు. జరిగినదంతా ఒక్క సిట్టింగ్‌లో చెప్పించే పద్ధతిని వాడొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థే చెబుతోంది.

ఇంకో సంగతి. ఐక్యరాజ్యసమితి శరణార్థుల సంస్థ ఇచ్చే యూఎన్ కార్డు కోసం జరిగిన ఇంటర్వ్యూలో వాళ్లు ఆ కథ చెప్పారు. తర్వాత విలేకర్లకు చెప్పారు, రీసెర్చ్ చేసేవాళ్లకు చెప్పారు. ప్రతిసారీ ఎవరో రాసుకున్నారు, ఎవరో ఫొటో తీశారు, వెళ్లిపోయారు. మీరు ఆ వరసలో ఇంకొకరు కావద్దు.

దాని బదులు అడగాల్సినవి ఇవి: "రాత్రి నిద్ర పట్టిందా?", "ఈ వారం అన్నిటికంటే ఇబ్బంది పెట్టింది ఏంటి?", "కష్టం వస్తే మీరు ఎవరి దగ్గరికి వెళ్తారు?" మూడోది చాలా పనికొచ్చే ప్రశ్న. "ఎవరూ లేరు" అన్న మనిషి గురించే మీరు ఎక్కువ ఆలోచించాలి. తనంతట తాను పాత సంగతి ఎత్తితే వినండి. మధ్యలో తవ్వకండి. "అప్పుడు మీ తమ్ముడు ఎక్కడున్నాడు?" లాంటి ప్రశ్న మీ ఆసక్తి కోసమే తప్ప చెప్పేవాళ్ల కోసం కాదు.

2. వెళ్లేముందు నోరు అదుపులో పెట్టుకోవడం నేర్చుకోండి

"ఏం కాదు, అంతా మంచే జరుగుతుంది" అనే మాట మనకు ఊతపదం. ఇక్కడ అది అబద్ధం కావచ్చు. 1951 నాటి ఐక్యరాజ్యసమితి శరణార్థుల ఒప్పందంపై భారత్ సంతకం చేయలేదు. యూఎన్ కార్డు చేతిలో ఉన్నా పోలీసులు పట్టుకోరన్న గ్యారంటీ లేదు. 2018 అక్టోబరులో అస్సాం నుంచి ఏడుగురిని మయన్మార్‌కు పంపేశారు. పద్ధతి ప్రకారం అయితే వెనక్కి పంపొచ్చని 2021 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు చెప్పింది. ఈ సంగతులు బస్తీలో చిన్నపిల్లలకు కూడా తెలుసు. కాబట్టి అమెరికాకో కెనడాకో పంపిస్తారన్న ఆశ పెట్టకండి, స్కూల్లో సీటు ఇప్పిస్తానని మాటివ్వకండి. "నేను కనుక్కుంటాను, గురువారం వచ్చి చెబుతాను" అనండి. గురువారం వెళ్లండి. పని కాకపోయినా వెళ్లి, కాలేదని చెప్పండి. చెప్పిన రోజున చెప్పినట్టు వచ్చిన మనిషి వాళ్ల జీవితంలో చాలా అరుదు. అదొక్కటే సగం మందు.

ఫొటోలు వద్దు. వాట్సాప్ గ్రూపులో పేర్లు, గుడిసె ఎక్కడుందన్న వివరాలు, కార్డు నంబర్లు పెట్టొద్దు. మీకు అది డొనేషన్ పోస్టు. వాళ్లకు అరెస్టు భయం, ఊళ్లో మిగిలిన బంధువులకు ప్రమాదం.

3. మొదటి రోజు

బస్తీలో ఇప్పటికే పనిచేస్తున్నవాళ్ల వెంట వెళ్లండి. చెప్పులు బయట విడిచి, వాళ్లు చాప వేస్తే చాప మీదే కూర్చోండి. వాళ్లు కింద కూర్చుంటే మీరు ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోవద్దు. తలుపు వైపు మీరు కూర్చుని దారి మూసేయకండి. లోపలివాళ్లకు బయటికి వెళ్లే దారి కనబడుతూ ఉండాలి. చాయ్ ఇస్తే తాగండి. ఇచ్చే చెయ్యి వాళ్లది కావడం కూడా వాళ్లకు అవసరమే. పెద్దవాళ్లను చాచా, ఖాలా అనీ, వయసులో కాస్త పెద్దామెను ఆపా అనీ పిలిస్తే చాలు. ఇన్నేళ్లలో చాలామందికి హైదరాబాదీ ఉర్దూ అలవాటైపోయింది.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2011లో తెచ్చిన మానసిక ప్రథమ చికిత్స (సైకలాజికల్ ఫస్ట్ ఎయిడ్) పద్ధతి మూడు మాటల్లో ఉంటుంది: చూడండి, వినండి, కలపండి. ప్రమాదం ఏదైనా ఉందా, ఆకలితో ఎవరున్నారు, ఎవరు మరీ కుంగిపోయి కనిపిస్తున్నారు అన్నది చూడాలి. తొందరపెట్టకుండా వినాలి. ఆ తర్వాత డాక్టరో, రేషనో, లాయరో, పక్క గుడిసెలో ఉన్న సొంతూరి మనిషో, ఏది కావాలంటే దానితో కలపాలి. మనలో చాలామంది రెండో మెట్టు దగ్గరే ఆగిపోతారు. విని, కళ్లు తుడుచుకుని వచ్చేస్తారు. మూడోది చేయకపోతే మొదటి రెండూ వృథా.

4. దుబాసీ విషయంలో బద్ధకించకండి

వాళ్ల రోహింగ్యా భాష చిట్టగాంగ్ వైపు మాటకు దగ్గరగా ఉంటుంది. బజారులో ఉర్దూ మాట్లాడే ఆడమనిషి కూడా లోపలి బాధ దగ్గరికి వచ్చేసరికి సొంత భాషలోకే వెళ్లిపోతుంది. అప్పుడు మధ్యలో ఒక మనిషి కావాలి. ఎక్కువ నష్టం ఇక్కడే జరుగుతుంది.

ఆస్పత్రి ఓపీలో తరచూ కనబడే దృశ్యం ఇది. పదేళ్ల కొడుకు తల్లికి, డాక్టరుకు మధ్య నిలబడి ఉంటాడు. ఆమె ఛాతీ మీద చెయ్యి పెట్టుకుని రెండు నిమిషాలు ఏదో చెబుతుంది. పిల్లాడు నేల చూస్తూ "గ్యాస్ అంట" అంటాడు. డాక్టరు గ్యాస్ మాత్ర రాస్తారు. ఆ రెండు నిమిషాల్లో ఆమె చెప్పింది పోయిన బిడ్డ గురించి. పిల్లాడికి అర్థమైంది. వాడు చెప్పలేకపోయాడు.

అందుకే పిల్లలను దుబాసీలుగా వాడొద్దు, ఎంత తొందరైనా సరే. భార్య తరఫున భర్త మాట్లాడకూడదు, ముఖ్యంగా ఇంట్లో కొట్టడం ఉందేమోనని అనుమానం ఉన్నప్పుడు. ఆడవాళ్లకు ఆడ దుబాసీనే పెట్టండి. బస్తీలోని మనిషే అయితే "ఆమె ఉంటే మీకు పర్వాలేదా?" అని ముందే, ఆమె లేనప్పుడు అడగండి. చిన్న బస్తీ, మాట పాకడానికి ఎంతోసేపు పట్టదు.

దుబాసీకి పని మొదలుపెట్టే ముందే చెప్పండి: ఆమె "నా గుండె మండుతోంది" అంటే మీరూ "నా గుండె మండుతోంది" అనే చెప్పాలి, కుదించొద్దు, సలహా కలపొద్దు. మీరు మాట్లాడేటప్పుడు దుబాసీని కాదు, ఆమెను చూడండి. రెండు వాక్యాలకోసారి ఆగండి. పనయ్యాక దుబాసీతో ఒక పది నిమిషాలు కూర్చోండి. ఆ అమ్మాయి కూడా అలాంటి ఊరి నుంచే పారిపోయి వచ్చి ఉంటుంది. ఆమె నోటితో మీరు చెప్పించింది ఆమె కథే కావచ్చు. ఊరికే చేయించుకోకండి, కూలి ఇవ్వండి.

5. ఒంటి నొప్పి చెబితే ఒంటి నొప్పిగానే మొదలుపెట్టండి

"డిప్రెషన్‌గా ఉంది" అని ఎవరూ అనరు. తల బద్దలవుతోంది, ఒళ్లంతా మంట, గుండె దడ, కాళ్లు లాగేస్తున్నాయి అంటారు. "అదంతా టెన్షన్ వల్లే" అని కొట్టిపారేయొద్దు. ముందు బస్తీ దవాఖానాకు తీసుకెళ్లి బీపీ, షుగర్, రక్తం, కుదిరితే థైరాయిడ్ చూపించండి. రక్తహీనతకూ, నిస్సత్తువకూ, దిగులుకూ తేడా పైకి తెలియదు. పరీక్షల్లో ఏమీ లేదని వచ్చాక కూడా "మీకేం లేదు" అనకండి. "పెద్ద జబ్బు లేదు, మంచిదే. కానీ ఎక్కువ కాలం భయంలో ఉంటే ఒళ్లు ఇలాగే నొప్పి పెడుతుంది, దానికీ చికిత్స ఉంది" అనండి.

జిన్ను పట్టిందని, చెడు చూపు తగిలిందని కొందరు నమ్ముతారు. మన ఊళ్లలో గాలి సోకిందని అనుకోవడం లాంటిదే. వాదన పెట్టుకోవద్దు. ఇమాం దగ్గర దువా చదివించుకోమనండి, మందు కూడా వేసుకోమనండి. మనిషిని కట్టేయడం, కొట్టడం, తిండి మానిపించడం దాకా వస్తే మాత్రం అడ్డుపడాలి. అప్పుడు మీకంటే ఇమాం మాటే పనిచేస్తుంది. ముందుగానే ఆయనతో పరిచయం పెంచుకోండి.

6. పాత భయం, ఇవాళ్టి భయం వేరు చేయండి

దీపావళికి బాంబుల మోతలు, గుడిసె పక్కన ఫంక్షన్ హాల్లో డీజే, రాత్రిపూట గట్టిగా తలుపు కొట్టడం, టార్పాలిన్ కాలిన వాసన. ఇవి పాత రాత్రిని కళ్ల ముందుకు తెస్తాయి. అదే మనిషి పోలీసు వెరిఫికేషన్ అనగానే వణికితే అది పాతది మాత్రమే కాదు. అది నిజంగా రేపు జరగొచ్చు. కరెంటు వైర్లు గుడిసె మీద వేలాడుతుంటే పడే భయమూ నిజమే. ఢిల్లీ కాళిందీ కుంజ్ దగ్గర రోహింగ్యా బస్తీ 2018లో ఒకసారి, 2021లో ఇంకోసారి కాలిపోయింది. ఈ రెండో రకం భయానికి ఊపిరి వ్యాయామాలు నేర్పడం నాకైతే అవమానంలా అనిపిస్తుంది. దానికి కావలసింది లాయరు, జిరాక్సులు భద్రంగా పెట్టిన ప్లాస్టిక్ కవరు, సరి చేసిన వైరింగ్, రెండు ఇసుక బకెట్లు.

మొదటి రకానికి ముందే సిద్ధం చేయండి. పండగకు వారం ముందు "ఫలానా రోజు రాత్రి బాంబులు పేలుతాయి, అవి పండగవి" అని పిల్లలకు కూడా చెప్పి ఉంచండి. ఆగస్టు 25 దగ్గర పడేకొద్దీ కొందరు మూగబోతారు, కొందరు గొడవలు పడతారు. ఆ వారంలో మీటింగులు, సర్వేలు పెట్టొద్దు.

మీ ఎదురుగానే ఎవరైనా బిగుసుకుపోయి, కళ్లు ఎక్కడో పెట్టి వణుకుతుంటే చుట్టూ గుంపు చేరనివ్వకండి. అడగకుండా ముట్టుకోకండి, గట్టిగా పట్టుకోకండి. కాస్త దూరంలో, ఆమె కంటే ఎత్తు తక్కువలో కూర్చుని, మెల్లగా, చిన్న మాటలు చెప్పండి: "ఆపా, నేను ఫలానా. ఇది బాలాపూర్. ఇవాళ బుధవారం. మీ కూతురు ఇక్కడే ఉంది." పాదాలు నేలకు ఆనించమనండి. చేతికి చల్లటి నీళ్ల గ్లాసు ఇవ్వండి. ఎదురుగా కనిపించే అయిదు వస్తువుల పేర్లు చెప్పమనండి. ఊపిరి పీల్చడం కంటే వదలడం నిదానంగా ఉండాలి. మీరు చేసి చూపిస్తే చాలు. తేరుకున్నాక "ఏం గుర్తొచ్చింది?" అని అడగొద్దు.

7. కష్టాలను మూడు కుప్పలుగా పెట్టించండి

ప్రపంచ ఆరోగ్య సంస్థ తయారుచేసిన ప్రాబ్లమ్ మేనేజ్‌మెంట్ ప్లస్ అనే పద్ధతి ఉంది. డిగ్రీలు లేని మామూలు మనుషులు శిక్షణ తీసుకుని అయిదు వారాలు, వారానికోసారి కూర్చుని చేసేది. పెషావర్‌లో పరీక్షించినప్పుడు మంచి ఫలితం వచ్చింది. శిక్షణ దొరికితే తప్పక తీసుకోండి. దొరక్కపోయినా అందులోని ఒక ముక్క ఎవరైనా వాడుకోవచ్చు.

చిత్తు సామాన్లు ఏరే పని చేసుకునే ఒక తండ్రి అన్నీ కలిపి ఒక్కసారే చెబుతాడు. గుడిసె స్థలానికి రెండు నెలల అద్దె బాకీ. బంగ్లాదేశ్ క్యాంపులో ఉన్న తమ్ముడి ఫోన్ కలవడం లేదు. కార్డు గడువు దగ్గర పడింది. కూతురికి జ్వరం. పక్కింటివాడు నీళ్ల దగ్గర తిట్టాడు. మయన్మార్‌లో యుద్ధం ఆగేలా లేదు. ఇవన్నీ తలలో ఒకే ముద్దగా తిరుగుతుంటే మనిషికి ఏదీ చేతకాదు.

కాగితం తీయండి. చదువు రాకపోతే గులకరాళ్లు పెట్టండి, ఒక్కో రాయి ఒక్కో కష్టం. మన చేతిలో ఉన్నవి ఒక కుప్ప, మన చేతిలో లేనివి ఇంకో కుప్ప, పెద్దగా పట్టించుకోనక్కర్లేనివి మూడోది. ఏది ఎటో అతనే పెట్టాలి. యుద్ధం రెండో కుప్పలోకి వెళ్తుంది, నీళ్ల దగ్గర తిట్టు మూడో దాంట్లోకి. జ్వరం, కార్డు, అద్దె మొదటి దాంట్లో ఉంటాయి. మొదటి కుప్పలోంచి ఒక్కటే, అన్నిటికంటే తేలికది తీసుకోమనండి. ఈ వారం ఏం చేయాలి, ఏ రోజు, ఎవరి తోడుతో? "సోమవారం పొద్దున పాపను దవాఖానాకు తీసుకెళ్లాలి, ఆ పూట పనికి బదులు బావమరిది వెళ్తాడు." అంత చిన్నదిగా ఉండాలి. తమ్ముడి ఫోన్ సంగతి అతను ఏ కుప్పలో పెట్టాలో తేల్చుకోలేడు. రాయి చేతిలోనే పట్టుకుంటాడు. పట్టుకోనివ్వండి. మీరు తొందరపడి సర్దొద్దు.

ఆ పని మీరే చేసిపెట్టాలని చెయ్యి దురదపెడుతుంది. కార్డు పని మీద మీరొక్కరే వెళ్లి వస్తే గంటలో అయిపోతుంది. అయినా అతన్నే తీసుకెళ్లండి. ఏళ్ల తరబడి వాళ్ల బతుకును వేరేవాళ్లే నిర్ణయించారు. మళ్లీ ఏదో ఒకటి తన చేత్తో చేయడమే చికిత్స.

8. పిల్లలు

పెద్దగా చెప్పేదేమీ లేదు. బడి, ఆట, రోజూ ఒకే వేళకు జరిగే పనులు. పక్క తడపడం, అకారణంగా కొట్టుకోవడం, అమ్మ కొంగు వదలకపోవడం కనిపిస్తే తిట్టొద్దని తల్లిదండ్రులకు చెప్పండి. బొమ్మలు గీయనివ్వండి కానీ "మీ ఊరు ఎలా కాలిందో గీయి" అనకండి. చిన్న వయసులో పెళ్లి మాట, పనికి పంపే మాట వినిపిస్తే పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేయవచ్చు.

9. ఎప్పుడు డాక్టరు కావాలి

వారాల తరబడి నిద్ర, తిండి లేకపోవడం, పిల్లలను పట్టించుకోలేకపోవడం, లేని గొంతులు వినబడటం, ఉన్నట్టుండి మనిషి తేడాగా ప్రవర్తించడం, చావు మాటలు. వీటిలో ఏదున్నా మీ చేతిలో పెట్టుకోవద్దు.

చావు మాట వస్తే సూటిగా అడగండి: "చచ్చిపోవాలని అనిపిస్తోందా? ఎలా చేసుకోవాలో కూడా అనుకున్నారా?" అడిగితే కొత్తగా ఆ ఆలోచన పుడుతుందన్నది అపోహ. అవునంటే ఒంటరిగా వదలొద్దు. ఎలుకల మందు, మాత్రల స్ట్రిప్పులు అక్కడి నుంచి తీసేయించండి. అప్పటికప్పుడు ప్రమాదం ఉంటే 108, లేదా దగ్గర్లోని పెద్ద ఆస్పత్రి. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరులో మొదలుపెట్టిన మానసిక సహాయ ఫోన్ లైను టెలీ మానస్ నంబరు 14416. పగలూ రాత్రీ ఉచితం, తెలుగులో, హిందీలో మాట్లాడొచ్చు, మీరు పక్కన కూర్చుని కలపొచ్చు. 2017 మానసిక ఆరోగ్య చట్టం ప్రకారం ఆత్మహత్యకు ప్రయత్నించినవాళ్లను తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నవాళ్లుగానే చూడాలి, అందుకు కేసు పెట్టి శిక్షించడానికి లేదు. పోలీసు భయంతో ఆస్పత్రికి తీసుకెళ్లడం ఆపేసే కుటుంబాలకు ఈ మాట ముందే చెప్పి ఉంచండి.

అదే చట్టం పేదలకు, ఇల్లులేనివాళ్లకు బీపీఎల్ కార్డు లేకపోయినా మానసిక చికిత్స ఉచితంగా అందాలని చెబుతోంది. ఎర్రగడ్డ ఆస్పత్రి కౌంటర్‌లో ఆధార్ అడిగితే చూపించడానికి ఈ మాట ఉన్న సెక్షన్ 18 కాగితం మీ సంచిలో ఉండాలి. అరవకండి, చూపించండి. ఎర్రగడ్డ పేరు వినగానే "నేను పిచ్చివాణ్నా?" అంటారు, ఆ భయం మనవాళ్లకూ ఉన్నదే. మొదటిసారి తోడు వెళ్లండి.

మెడికల్ షాపులో అడిగి తెచ్చుకునే నిద్రమాత్రల గురించి గట్టిగా చెప్పండి. ఆల్‌ప్రాజొలం లాంటివి అలవాటైపోతాయి, మానడం కష్టం. ఇప్పటికే చాలాకాలంగా వేసుకుంటుంటే మాత్రం ఒక్కసారిగా ఆపించకండి, డాక్టరే తగ్గించాలి. డిప్రెషన్ మందులు పనిచేయడానికి రెండు నుంచి నాలుగు వారాలు పడుతుంది. "నాలుగు రోజులు వేసుకున్నా, లాభం లేదు" అని మానేసేవాళ్లే ఎక్కువ. మందు మొదలైన పది రోజులకు మీరు వెళ్లాల్సింది అందుకే.

10. మీ సంగతి

కొన్ని నెలలకు మీ నిద్రలోకి వాళ్ల కథలు వస్తాయి. ఇంట్లోవాళ్ల మీద చిరాకు, "ఏం చేసినా మారదు" అన్న నిస్పృహ, కొన్నాళ్లకు ఏది విన్నా ఏమీ అనిపించకపోవడం. ఆఖరిది వస్తే జాగ్రత్త పడండి. మీరు రాటుదేలారని కాదు, అరిగిపోయారని అర్థం.

వారంలో ఎన్ని రోజులు వెళ్తారో ముందే ఖాయం చేసుకోండి. రాత్రి తొమ్మిది తర్వాత ఫోన్ ఎత్తనని చెప్పి, అప్పుడు ఎవరికి చేయాలో ఆ నంబరు ఇవ్వండి. సొంత డబ్బు ఒకరికి విడిగా ఇవ్వకండి. అది బస్తీలో తగవులు పెడుతుంది, మిమ్మల్ని అప్పులపాలు చేస్తుంది. నెలకోసారి అయినా అనుభవం ఉన్నవాళ్లతో కూర్చుని, పేర్లు చెప్పకుండా, మోయలేనివి మాట్లాడుకోండి. బస్తీ నుంచే వచ్చిన వాలంటీర్లకు ఇది మీకంటే ఎక్కువ అవసరం. మీరు బస్సెక్కి వెళ్లిపోతారు, వాళ్లు ఆ గుడిసెల మధ్యే పడుకోవాలి. వాళ్లకూ సెలవు ఉండాలి, చేతికి డబ్బు రావాలి.

రోహింగ్యాలకని రాసినా ఈ పద్ధతి వాళ్లకే పరిమితం కాదు. 2005 తర్వాత మావోయిస్టులకు వ్యతిరేకంగా సాగిన సల్వాజుడుం గొడవల్లో ఛత్తీస్‌గఢ్ నుంచి భద్రాచలం అడవులకు వచ్చిన గుత్తికోయ ఆదివాసీల దగ్గరకు వెళ్లినా ఇంతే, భాష మారుతుంది, అటవీ శాఖ భయం తోడవుతుంది. ఇదే బర్మా (ఇప్పటి మయన్మార్) నుంచి 1942లో కాలినడకన, 1960ల్లో ఓడల్లో మన తెలుగువాళ్లు కూడా వచ్చారు. విశాఖలో బర్మా క్యాంపు ఆ పేరుతోనే ఉంది. "వీళ్లతో మనకేం సంబంధం?" అని ఇంట్లో అడిగితే చెప్పడానికి పనికొస్తుంది.

పని మానేయాల్సి వస్తే, చదువు అయిపోయో, ఉద్యోగం మారో, చెప్పకుండా మాయం కావద్దు. కనీసం నెల ముందు తేదీ చెప్పండి. మీ తర్వాత వచ్చే మనిషిని రెండుసార్లు వెంట తీసుకెళ్లి పరిచయం చేయండి. ఎవరికి ఏ రోజు ఆస్పత్రి, ఎవరి మందులు ఎప్పటికి అయిపోతాయి, ఎవరి కార్డు గడువు ఎప్పుడు అన్నవి రాసి అప్పగించండి. వాళ్లు మీకు నమ్మి చెప్పుకున్న సొంత విషయాలు ఆ నోట్‌బుక్‌లో రాయకండి. కొత్త మనిషికి అవి చెప్పాలో వద్దో వాళ్లిష్టం.